హద్దురాయికి అవతల

ఫ్యాక్టరీ పెట్టడానికి మనుషులకు ఎన్ని కారణాలుంటాయో నాకు తెలిసినంతగా సంగారెడ్డిలో ఇంకెవరికీ తెలియదు. పరిశ్రమల ఆఫీసు ప్రహరీని ఆనుకుని, రేకు నీడ కింద టైపు మిషను పెట్టుకుని నేను కూర్చున్నన్ని ఏళ్లు ఆ ఆఫీసు లోపల ఏ అధికారీ కూర్చోలేదు. బదిలీల మీద వాళ్లు వచ్చారు, పోయారు. నేను అక్కడే ఉన్నాను. బావమరిదికి పని చూపించడానికి ఫ్యాక్టరీ పెట్టినవాడున్నాడు. పెళ్లిచూపుల్లో ఇండస్ట్రియలిస్టు అనిపించుకోవడానికి పెట్టినవాడున్నాడు. పాత యజమాని మీద పంతం కొద్దీ అతని గేటుకు ఎదురుగానే పెట్టినవాడూ ఉన్నాడు. తల్లి సమాధి కోసం ఫ్యాక్టరీ పెట్టినవాడు మాత్రం ఒక్కడే. అతని పేరు జంగయ్య.

నా పేరు నరసరాజు. మా నాన్న భీమవరం దగ్గర నుంచి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చాడు. నాకు ఆ ప్లాంటులో చోటు దొరక్క ఈ మిషను ముందు తేలాను. నాకు కోపం ఎక్కువని ఈ వీధిలో అందరికీ తెలుసు. ఏం కావాలో తెలియకుండా వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జంగయ్య మొదటిసారి వచ్చినప్పుడు కూడా మండింది.

అది తొంభయ్యో సంవత్సరం ఎండాకాలం. నెత్తికి తువ్వాలు చుట్టుకున్న ఒక రైతు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. యాభైకి దగ్గర వయసు, నల్లగా ఎముకలు తేలిన మనిషి.

"సారూ, నాకొక ఫ్యాక్టరీ కాయితం కావాలె."

"ఏం ఫ్యాక్టరీ?"

"ఏదైనా సరే."

"ఏదైనా సరే అనడానికి ఇదేమన్నా మిర్చిబజ్జీల బండా? పొద్దున్నే నేనే దొరికానా నీకు?" అన్నాను.

అతను కదల్లేదు. తువ్వాలు పరుచుకుని గోడ పక్కన కూర్చున్నాడు. నేను నలుగురి పని ముగించి, అన్నం తిని వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. "జెర ఇను సారూ, మా అమ్మ గాడ పండుకోని ఉన్నది" అని మొదలుపెట్టాడు.

అతని తల్లి శివమ్మ. భర్త పోయేనాటికి జంగయ్య చంకపిల్లాడు. పటాన్‌చెరు పక్క పల్లెలో ఆమెకు మిగిలింది ఒక చెల్క, వాన మీద పండే మెట్టచేను, అందులోనూ మట్టికన్నా రాళ్లే ఎక్కువ. ఆ రాళ్లను ఒక్కొక్కటే ఏరి, వాటితోనే గట్టు పోసింది. బావి తవ్వించింది. మోట కట్టించి నేలను తడిపింది. కొడుకును పెంచి, మొగులమ్మ అనే పిల్లను కోడలిగా తెచ్చుకుని, చివరికి మంచాన పడింది. ప్రాణం పోయే ముందు కొడుకును దగ్గరికి పిలిచింది. ఊరి శ్మశానానికి, బొందలగడ్డకు తీసుకుపోవద్దని, ఈ చెల్కలోనే పెట్టమని, మోట చప్పుడు వింటూ ఉంటానని చెప్పింది. "నన్ను మల్ల కదిలియ్యకు బిడ్డా" అంది. జంగయ్య ఆమె చేతిలో చెయ్యి వేసి కదిలియ్యనని మాట ఇచ్చాడు.

ఆమె పోయిన రెండో ఏడే పరిశ్రమల కోసం ఊరి భూములు తీసుకున్నారు. కొలతలకు వచ్చిన మనిషికి జంగయ్య సమాధి చూపించాడు. దాని జోలికి ఎవరూ రారని చెప్పి ఆ మనిషి పోయాడు. తర్వాత నేల చదును చేసే మిషను వచ్చింది. దాని డ్రైవరుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. గట్టు పోయింది, బావి పూడిపోయింది, సమాధి మీది మట్టిదిబ్బా తలాపున పాతిన రాయీ ఎటు పోయాయో తెలియదు. లోతుగా పాతుకున్న పెద్ద హద్దురాయి ఒక్కటే మిగిలింది. కొలతలకు పనికొస్తుందని దాన్ని అలాగే ఉంచారు.

"రాయికి ఈపు పెట్టి తూర్పు మొఖాన కూసుంటే, కాళ్లకాడనే మా అమ్మ తల" అన్నాడు జంగయ్య. చాలా ఏళ్లపాటు ఆ నేల కంచె లోపల ఖాళీగా పడి ఉంది. పెత్రమాస నాడు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, జంగయ్య, మొగులమ్మ కంచె సందులోంచి దూరి పోయి, ఉడకబెట్టిన శనగ గుడాలు, బెల్లమన్నం అక్కడ పెట్టి వచ్చేవాళ్లు. పాత కావలివాడు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఇప్పుడు ఆ నేలను చిన్న పరిశ్రమల కోసం ప్లాట్లు కోశారు. ఎవరికి వస్తే వాళ్లు పునాది తవ్వుతారు.

"కొనుక్కుంట అన్న సారూ. ఫ్యాక్టరీ ఉన్నోళ్లకే ఇస్తం, మామూలోళ్లకు ఇయ్యం అన్నరు. అందుకే ఫ్యాక్టరీ పెడ్త."

నాకు కోపం రాలేదు. మా నాన్న అస్థికలు గోదావరిలో కలిపి వచ్చిన రోజు నుంచీ, ఇదిగో ఇక్కడున్నాడు మా నాన్న అని చూపించడానికి నాకు జానెడు నేల లేదు. ఈ మనిషికి ఉంది, దాన్ని కాపాడుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. కాగితాలు నేను చేసిపెడతానన్నాను.

వ్యవసాయం తప్ప అతనికి వచ్చిన పని లేదు. బావుల్లోకి సిమెంటు రింగులు దించడం మాత్రం తెలుసు. అమీన్‌పూర్ వైపు, రామచంద్రాపురం వైపు అప్పటికే ఇళ్లు లేస్తున్నాయి. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి గుంతకు రింగులు కావాలి. ఆ పనే ఖాయం చేశాం. జంగయ్య, మొగులమ్మ ఇస్నాపూర్ దారిలో రింగులు పోసేవాడి దగ్గర కూలికి చేరి, అచ్చు బిగించడం, సిమెంటు కలపడం, పోసిన రింగును నీళ్లతో తడపడం అన్నీ నేర్చుకున్నారు. యూనిట్ పేరేమిటని అడిగితే తన తల్లి పేరు పెట్టమన్నాడు. శివమ్మ సిమెంట్ వర్క్స్ అని టైపు చేశాను.

"ఒక్కటి గుర్తు పెట్టుకో జంగయ్యా. లోపల ఎవరి దగ్గరా సమాధి మాట ఎత్తకు. ఆ ముక్క వాళ్ల చెవిన పడితే ప్లాటు ఎవరికీ ఇవ్వరు, లేదంటే తవ్వి తీసి పక్కన పెట్టుకోమంటారు" అన్నాను.

ప్లాటు నంబరు ఎంతని అడిగాను. లోపల గోడకు మ్యాపు ఉంది, చూసి రమ్మన్నాను కూడా.

"మ్యాపు నాకేం ఎర్క సారూ? రాయి ఎర్క. రాయి మీద ఏసిన నంబరు సూసొచ్చిన. నలభై ఏడు."

నలభై ఏడు అనే రాశాం.

ఆ తర్వాత మొదలైంది తిరుగుడు. ముందు తాత్కాలిక రిజిస్ట్రేషన్. దాని కోసం ప్రాజెక్టు రిపోర్టు. రిపోర్టు ఇస్తే చలానా ఏదన్నారు, చలానా కట్టి వస్తే చూసే గుమాస్తా సెలవులో ఉన్నాడు. గుమాస్తా వచ్చేసరికి ఆఫీసరు మారాడు. రాళ్లూ నీళ్లూ కలిపే పనికి కాలుష్యం లేదని ఇంకో ఆఫీసు చెప్పాలట. ఆ చుట్టుపక్కల గొట్టాల్లోంచి రంగురంగుల పొగలు వదిలేవాళ్లకు ఆ కాగితం ఎప్పుడు దొరికిందో నాకు తెలియదు. జంగయ్య ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కునే పని నేను చూసుకున్నాను. "ఏమయ్యా ఇండస్ట్రియలిస్టూ, ఇవాళ ఏ బల్ల దగ్గర ఆగింది?" అని అడిగితే చిన్నగా నవ్వేవాడు.

ప్లాట్లిచ్చే కమిటీ ముందుకు పిలుపు వచ్చింది. ఈ వయసులో పరిశ్రమ ఎందుకని అడిగారట. బతకనీకి సార్ అన్నాడట. ఖాళీ ప్లాట్లు ఇన్ని ఉంటే నలభై ఏడే ఎందుకని ఒకాయన అడిగాడట. "అది నాకు ఎర్కున్న భూమి సార్. గాడైతేనే పని మీద మనసు నిలుస్తది" అన్నాడట. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. బయటికి వచ్చి, "మా అమ్మ పేరు చెప్పుకుంటనే మా అమ్మను దాచి పెట్టిన సారూ" అని కళ్లు తుడుచుకున్నాడు.

ప్లాటు మంజూరైందని ఉత్తరం వచ్చినప్పుడు తువ్వాల నిండా సీతాఫలాలు మూటగట్టి తెచ్చాడు. స్వాధీనం చేసే రోజు నన్నూ రమ్మన్నాడు. మిషను మూసేసి వెళ్లాను. మొగులమ్మ కొంగు కింద ఒక చిన్న దీపం ప్రమిద దాచి తెచ్చింది. ఆఫీసు పని అయిపోగానే వెలిగిద్దామని.

సర్వేయరు టేపుతో వచ్చాడు. అదే రోజు పక్క ప్లాటు స్వాధీనం చేసుకోవడానికి త్రినాథరావు అనే ఆయన కూడా స్కూటరు మీద వచ్చాడు. మా కోస్తా మనిషే. ప్లాంటులో ముందుగా పదవీ విరమణ తీసుకుని, వచ్చినదంతా పెట్టి ఒక ప్రెస్సు మిషను కొని, చిన్న వర్క్‌షాపు పెట్టుకుంటున్నాడు. ఫైలు తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టుకుని తెచ్చిన జాగ్రత్తపరుడు.

సర్వేయరు హద్దురాయి దగ్గర టేపు ఆనించి, పడమటి వైపు లాగించాడు. "ఇదీ నీ నలభై ఏడు" అన్నాడు జంగయ్యతో.

"గటు కాదు సార్. గిటు, తూర్పుకు."

"తూర్పుది నలభై ఎనిమిది. అది ఈయనది."

జంగయ్య రాయి మీది అంకె చూపించాడు. సర్వేయరు అదే అంకె చూపించాడు. అసలు సంగతి మా అందరికీ అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది.

జంగయ్య ఊళ్లో హద్దురాయి మీద గుర్తు చెక్కేది పక్క చేనువాడి కోసం. నాగలి తోలుకుంటూ వచ్చేవాడికి ఎదురుగా కనపడేట్టు వాడి వైపు చెక్కుతారు. గుర్తు కనపడిందంటే ఇక ఆగు, రాయికి అవతలిది నాది అని. తాతముత్తాతల నుంచి వాళ్లు రాయిని చదివే పద్ధతి అదే. ప్లాట్లకు అంకెలు వేసినవాడు పట్నం పెయింటరు. ఏ ప్లాటు నంబరు ఆ ప్లాటు వైపే వేశాడు. జంగయ్య పడమటి దిక్కు నుంచి నడుచుకుంటూ వచ్చి, రాయి మీద నలభై ఏడు చదివి, అవతలిదే నలభై ఏడనుకున్నాడు. రాయి దాటి రెండో వైపు చూద్దామంటే కొత్త కావలివాడు అక్కడి నుంచే వెనక్కి తరిమాడు. అన్ని ఆఫీసులు తిరిగి అతను సంపాదించింది తను నిలబడి చూసిన నేలను. తల్లి ఉన్న నేల రాయికి అవతల ఉంది, ఇంకొకరి పేరు మీద.

మొగులమ్మ అక్కడే కూలబడి, "అయ్యో అత్తా!" అని ఒక్క అరుపు అరిచింది. జంగయ్య పోయి రాయికి వీపు ఆనించి, తూర్పు ముఖంగా కూర్చున్నాడు. కాళ్లు చాపలేదు. తల్లి తల తగులుతుందని మడిచి పెట్టుకున్నాడు. నేను సర్వేయరు మీద పడ్డాను. ఆ పెయింటరును, వాడికి డబ్బా ఇచ్చినవాణ్ని, అందరినీ కలిపి తిట్టాను. త్రినాథరావు బిత్తరపోయి చూశాడు. "ఏంటండీ ఈ గోల? ఇక్కడ ఎవరో పోయినట్టు ఏడుస్తారేంటి?" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో అడిగాను. ప్లాట్లు మార్చుకోవచ్చు, కానీ రెండు యూనిట్లూ ఉత్పత్తి మొదలుపెట్టి, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాకనే అన్నారు. రూలు అది. త్రినాథరావు భూమిపూజ ఆ గురువారమే. ప్లాను చూశాను. అతని ప్రెస్సు మిషనుకు లోతుగా కాంక్రీటు దిమ్మె కావాలి. ఆ దిమ్మె గుంత సరిగ్గా హద్దురాయి పక్కనే వేసి ఉంది.

ఆ సాయంత్రమే జంగయ్యను తీసుకుని ప్లాంటు క్వార్టర్స్ పక్కన వాళ్లింటికి వెళ్లాను. త్రినాథరావు కుర్చీలు వేశాడు. జంగయ్య కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు. అంతా చెప్పాడు. త్రినాథరావు చెడ్డవాడు కాదు. విన్నాడు. విని చాలాసేపు గెడ్డం రుద్దుకున్నాడు.

"గౌరవంగానే తీయిద్దామయ్యా. పురోహితుణ్ని నేనే పిలిపిస్తాను. మంచి చోటు చూసి అక్కడ పెట్టుకో. ఖర్చు నాది" అన్నాడు.

"మిషిను పైపైన గీకిపోయింది సార్. ఆమె లోపల ఉన్నది. మల్ల గడ్డపార పెట్టి లేపుడు నాతోని కాదు. కదిలియ్యనని మాటిచ్చిన."

"నా సంగతి చూడు మరి. ప్లాను పాసైపోయింది. దిమ్మె జరిపితే షెడ్డు మారాలి, షెడ్డు మారితే ప్లాను మళ్లీ మొదటి నుంచి. కరెంటు వాళ్ల దగ్గరికి మళ్లీ మొదటి నుంచి. ఉద్యోగం వదులుకుని వచ్చినవాణ్ని. నా వల్ల కాదయ్యా."

జంగయ్య లేచి దండం పెట్టాడు. "మీ తప్పు లేదు సార్" అని బయటికి వచ్చేశాడు. త్రినాథరావు భార్య హైమావతి మాకు టీ ఇచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. నా కోపానికి అడ్డూ ఆపూ ఉండదు.

గురువారం పొద్దున్నే వెళ్లాను. గొడవ అవుతుందేమోనని భయం. జంగయ్య, మొగులమ్మ అప్పటికే హద్దురాయి దగ్గర కూర్చుని ఉన్నారు. ఎవరినీ అడ్డుకోవడానికి రాలేదు. తవ్వేటప్పుడు తల్లి దగ్గర కొడుకు ఉండాలి కదా, అందుకు వచ్చారు. ఈశాన్యం మూల పూజ జరిగింది. కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత మేస్త్రి దిమ్మె కోసం ముగ్గుతో గీత గీస్తూ వచ్చాడు. ఆ తెల్లటి గీత జంగయ్య మోకాళ్ల ముందు నుంచి పోయింది. జంగయ్య కళ్లు మూసుకున్నాడు. మొగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు హైమావతి వచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న సంచిలోంచి కొత్త నేత చీర తీసింది. "మీ అమ్మగారికి పసుపు పెట్టొచ్చా?" అని జంగయ్యను అడిగింది.

జంగయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తి మీది తువ్వాలు తీశాడు. "మా నాయిన పోయినంక పసుపు ముట్టలేదమ్మా. చీర పెట్టు తల్లీ. నాకు ఎర్కయినకాంచి ఆమె కొత్త చీర కట్టంగ నేను సూడలే" అన్నాడు.

హైమావతి చెప్పులు విడిచి, చీర ఆ మట్టి మీద పెట్టి, వంగి దండం పెట్టింది. "అమ్మా, మీ చోటికి వచ్చాం. ఏమనుకోకండి" అంది. లేచి భర్త వైపు తిరిగింది.

"మన వైపు శుభకార్యమంటే ముందు పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం. ఇక్కడ మన పెద్దలెవరున్నారండీ? ఈవిడే ఉంది. పెట్టాను. పెట్టాక ఆవిడ మీద మిషను దింపుతానంటే నేను ఒప్పుకోను."

"నీకేం తెలుసే! ఆ ప్లాను కోసం ఎన్నాళ్లు తిరిగానో నీకేం తెలుసు!" త్రినాథరావు కేకలు వేశాడు. కూలీలు పారలు దించేశారు. పురోహితుడు నా వైపు చూశాడు. త్రినాథరావు గేటు దాకా పోయాడు. మళ్లీ వచ్చాడు. చెప్పు విడిచి, కాలితో ఆ ముగ్గుగీతను చెరిపేశాడు. "రాజు గారూ, రేపు వస్తాను. ప్లాను మార్చడానికి దరఖాస్తు టైపు చెయ్యండి" అన్నాడు. మొగులమ్మ బావురుమంది. నేను ముఖం అటు తిప్పుకున్నాను.

ప్లాను మారి, కరెంటు వచ్చి, ఆ ప్రెస్సు మిషను తిరగడానికి ఏడాది ఆలస్యమైంది. ఆ ఏడాదంతా త్రినాథరావు నన్ను చూసినప్పుడల్లా సణుగుతూనే ఉన్నాడు. కానీ హద్దురాయి పక్కన ఆ కాస్త నేలను ఖాళీగా వదిలేశాడు. ఈలోగా రాయికి ఇవతల, నలభై ఏడులో, జంగయ్య రింగులు పోయడం మొదలుపెట్టాడు. తప్పు చోట దొరికిన ఫ్యాక్టరీ బాగానే నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి వరసగా ఆరబెట్టిన రింగులు చూసి, వేలితో తట్టి, పర్మనెంట్ రిజిస్ట్రేషన్‌కు రాసిపోయాడు.

త్రినాథరావుకు కూడా అది చేతికి వచ్చిన రోజు నేనే గుర్తు చేశాను. "ఇప్పుడు ప్లాట్లు మార్చుకోవచ్చు జంగయ్యా. ఆయన ఒప్పుకుంటాడు. దరఖాస్తు కొట్టమంటావా?"

"వద్దు సారూ. మారుసుకుంటే ఆయన మిషిను మల్ల లేపాలె. కరెంటు మల్ల, కాయితాలు మల్ల. ఆ తల్లి మా అమ్మకు చీర పెట్టింది. ఆమె ఇంటిని పరేషాన్ చేస్తనా? మా అమ్మ గాడున్నది, నేను గీడున్న. సాలు."

రూలు ప్రకారం రెండు ప్లాట్ల నడుమ గోడ ఉండాలి. ఆ గోడ జంగయ్యే తను పోసిన సిమెంటు ఇటుకలతో కట్టాడు. హద్దురాయి పక్కన మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు వదిలాడు. ప్రతి పెత్రమాసకూ ఆ సందులోంచి మొగులమ్మ బెల్లమన్నం తీసుకుపోయేది. ఆ రోజు త్రినాథరావు ప్రెస్సు ఆపేసేవాడు. బేరింగులకు విశ్రాంతి ఇస్తున్నానని నాతో అనేవాడు, పెద్దమనిషి.

అలా పదేళ్లు గడిచాయి. త్రినాథరావు ఒక మధ్యాహ్నం షెడ్డులోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆయన్ని మొదట ఎత్తుకున్నది గోడ సందులోంచి పరుగెత్తి వచ్చిన జంగయ్యే. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. బంధువులు వచ్చారు. అస్థికలు గోదావరికి తీసుకుపోయారు. అందరూ వెళ్లిపోయాక హైమావతి ఉన్న ఇల్లు ఖాళీ చేసి, అమీన్‌పూర్‌లో ఒక కిరాయి ఇంట్లో దిగింది. పెళ్లయిన కూతురు వైజాగ్ రమ్మంది. ఆవిడ వెళ్లలేదు.

ఆ ఏడు పెత్రమాసకు నేను అక్కడే ఉన్నాను. మొగులమ్మ ఆకు వేసి అన్నం పెడుతుంటే హైమావతి వచ్చింది. చేతిలో త్రినాథరావుకని తెచ్చిన కొత్త పంచె ఉంది.

"జంగయ్య గారూ, ఆయనకి పెట్టుకోవడానికి నాకో చోటు లేదు. నీళ్లలో కలిపేశాం. మీ అమ్మగారి పక్కన ఈ పంచె పెట్టుకోనా?" అంది.

మొగులమ్మ ఇంకో ఆకు తెచ్చి వేసింది.

ఆ చోటు కూడా నిలిచేలా లేదని కొద్ది రోజులకే తెలిసింది. యజమాని పోయాడు, లైసెన్సు ఆయన పేరు మీద ఉంది, మిషను ఆగిపోయింది. నడవని యూనిట్ల ప్లాట్లు వెనక్కి తీసుకుంటామని నోటీసు వచ్చింది. కొనేవాళ్లు కార్లలో వచ్చి చూసి పోతున్నారు. ఒకడు మొత్తం తవ్వి గోదాము కడతానన్నాడు. జంగయ్య మళ్లీ నా బల్ల ముందుకు వచ్చాడు. ఈసారి హైమావతీ పక్కనే ఉంది. అప్పటికి నా టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చింది. కోపం మాత్రం పాతదే.

దారి ఒక్కటే కనపడింది నాకు. శివమ్మ సిమెంట్ వర్క్స్‌ను భాగస్వామ్య సంస్థగా మార్చి, హైమావతిని భాగస్వామిగా చేర్చి, రెండు ప్లాట్లనూ దాని కిందికి తేవడం. షెడ్డులో ప్రెస్సు తీసేసి ఇటుకలు పోయవచ్చు. ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను వివరాలు కొడుతూ ఒక గడి దగ్గర ఆగాను. భాగస్వాముల మధ్య బంధుత్వం ఏమిటని ఉంది.

"ఏమీ లేదని కొట్టేస్తాను" అన్నాను.

"ఎందుకు లేదు? చెల్లె అని రాయి సారూ."

"నీ మొహం. ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు. చూసినవాడు నవ్వుతాడు."

జంగయ్య నవ్వలేదు. "తల్లికి చీర పెట్టేది ఎవరు సారూ? బిడ్డ గాదా?" అన్నాడు.

నేను హైమావతి వైపు చూశాను. ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. "రాయండి రాజు గారూ. నేను సంతకం పెడతాను" అంది. రాశాను. లోపల ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని ఆ గడి రెండుసార్లు చదివాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. ముద్ర వేశాడు.

రెండు ప్లాట్లూ ఒకే సంస్థవి కాబట్టి మధ్యలో గోడ అక్కర్లేదు. తను కట్టిన గోడను జంగయ్యే తీశాడు. ఇటుకలు ఒక్కొక్కటీ దించి పక్కన పేర్చాడు. సాయంత్రానికి మిగిలింది హద్దురాయి ఒక్కటే. ముసలివాడయ్యాడు, ఊపిరి అందడం లేదు. రాయికి వీపు ఆనించి, తూర్పు ముఖంగా, కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. మేమంతా వింటున్నామని కూడా చూసుకోలేదు.

"కదిలియ్యలేదమ్మా" అన్నాడు.

కాసేపటికి లేచి, పొద్దున పోసిన రింగులకు నీళ్లు పట్టడానికి వెళ్లాడు.